డిస్కులో వీడియో ఎలా ఇముడుతుంది, ఎలా ఆడుతుంది, ఆడనప్పుడు ఎలా బయటికి తీయాలి: సమగ్ర మార్గదర్శి

పాత డీవీడీ మధ్యలో ఆగిపోతే చాలామంది వెంటనే దాన్ని బయటికి తీసి, చొక్కా అంచుతో గుండ్రంగా తుడిచి, మళ్లీ ప్లేయరులో పెడతారు. ఇందులో రెండు తప్పులు ఉన్నాయి. గుండ్రంగా తుడవడం ఒకటి, ఆడని డిస్కును పదే పదే ఆడించి చూడడం రెండోది. ఇవి ఎందుకు తప్పులో తెలియాలంటే ఆ ప్లాస్టిక్ బిళ్లలో బొమ్మ ఎక్కడ ఉందో, కాంతి దాన్ని ఎలా చదువుతుందో, చదివిన అంకెలు తెరమీద బొమ్మగా ఎలా మారుతాయో తెలియాలి. డిస్కు ఆడకపోవడానికి కారణం ఈ మూడు చోట్లలో ఎక్కడైనా ఉండవచ్చు, చోటును బట్టి వైద్యం మారుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో యంత్రం పనిచేసే వరుసనే మెట్లుగా తీసుకున్నాను. తొందరలో ఉన్నవారు నేరుగా ఐదో మెట్టుకు వెళ్లవచ్చు గాని, అక్కడ చెప్పిన జాగ్రత్తలకు కారణాలు ముందు మెట్లలోనే ఉన్నాయి.

మొదటి మెట్టు: చేతిలో ఉన్నది ఏ డిస్కో గుర్తించండి

పైకి చూస్తే అన్నీ ఒకటే. 12 సెంటీమీటర్ల వ్యాసం, 1.2 మిల్లీమీటర్ల మందం, నడుమ 15 మిల్లీమీటర్ల రంధ్రం. 1982లో సోనీ, ఫిలిప్స్ సంస్థలు సంగీతం కోసం సీడీని మార్కెట్లోకి తెచ్చినప్పటి కొలతలివి. తరువాత వచ్చిన వీసీడీ, డీవీడీ, బ్లూ-రే కూడా ఈ కొలతలనే నిలుపుకున్నాయి, కొత్త ప్లేయరు పాత డిస్కును కూడా ఆడించగలగడానికి ఇదే పునాది. వీటికంటే ముందు 1978లో వచ్చిన లేజర్‌డిస్క్ మాత్రం 30 సెంటీమీటర్ల పళ్లెం. అందులో బొమ్మ అంకెలుగా కాక అనలాగ్ సంకేతంగానే ఉండేది కాబట్టి దాని సంగతి ఇక్కడ వదిలేస్తున్నాను.

డిస్కును తిప్పి అడుగువైపు రంగు చూడండి. స్వచ్ఛమైన వెండి రంగులో ఉంటే అది కర్మాగారంలో అచ్చువేసిన డిస్కు. ఊదా ఛాయ కనబడితే దాదాపుగా అది ఒక్కసారి రాసే డీవీడీ. పచ్చదనం, నీలం, లేత బంగారు రంగు కనబడితే ఒక్కసారి రాసే సీడీ. ముదురు బూడిద రంగులో ఉంటే చెరిపి మళ్లీ రాసే రకం అయ్యుండే అవకాశం ఎక్కువ. ఈ తేడా పైపై ముచ్చట కాదు. అచ్చువేసిన డిస్కులో సమాచారం ప్లాస్టిక్‌లోనే దిగిన ఆకారం. ఇంట్లోనో స్టూడియోలోనో రాసిన డిస్కులో అది ఒక పలుచని రంగుపొరలో లేజరు కాల్చిన గుర్తు. ప్లాస్టిక్ ఆకారం తేలిగ్గా చెడదు, రంగుపొర మాత్రం ఎండకూ వేడికీ మారిపోతుంది. మనకు అపురూపమైన ఇంటి వీడియోలన్నీ సహజంగానే ఈ రెండో రకం డిస్కుల మీదే ఉంటాయి.

తరువాత కంప్యూటర్ డ్రైవులో పెట్టి ఫోల్డర్ల పేర్లు చూడండి. 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డరు, అందులో 'డీఏటీ' (.dat) అనే తోక ఉన్న ఫైళ్లు కనబడితే అది వీసీడీ. 'వీడియో_టీఎస్' ఉంటే డీవీడీ వీడియో. 'డీవీడీ_ఆర్‌టీఏవీ' ఉంటే అది టీవీ పక్కన పెట్టే డీవీడీ రికార్డరులోనో, డిస్కు మీద నేరుగా రాసే కామ్‌కార్డరులోనో రాసినది, చాలా ప్లేయర్లకు అర్థం కాని పద్ధతి. 'బీడీఎంవీ' ఉంటే బ్లూ-రే. డిస్కు మీద రాత స్పష్టంగా కనబడుతున్నా కంప్యూటర్ దాన్ని ఖాళీ డిస్కు అంటే, రాసిన తరువాత ఫైనలైజ్ చేయలేదని, అంటే విషయసూచిక రాసి డిస్కును ముగించలేదని అనుమానించండి. దీని సంగతి ఆరో మెట్టులో వస్తుంది.

8 సెంటీమీటర్ల చిన్న డిస్కులు కామ్‌కార్డర్లలో వాడేవారు, ఒక్కోటి సుమారు 1.4 గిగాబైట్లు పడుతుంది. వీటిని ట్రే ఉన్న డ్రైవులోనే పెట్టాలి. డిస్కును నోటితో లాక్కునే రకం డ్రైవులో పెడితే అది లోపలే చిక్కుకుపోవచ్చు.

రెండో మెట్టు: కాంతి ఏం చూస్తుందో అర్థం చేసుకోండి

డిస్కులో సమాచారం మధ్య నుంచి అంచుకు సాగే ఒకే ఒక సర్పిలాకార దారిలో ఉంటుంది. గ్రామఫోను రికార్డు బయటి నుంచి లోపలికి నడిస్తే ఇది లోపలి నుంచి బయటికి నడుస్తుంది. ఆ దారిని విప్పి సాగదీస్తే సీడీలో 5 కిలోమీటర్లకు పైగా, డీవీడీలో దాదాపు 12, బ్లూ-రేలో 27 కిలోమీటర్ల పొడవు వస్తుంది. అంత పొడవు అంతే జాగాలో పట్టడానికి కారణం వరుసల మధ్య ఎడం తగ్గడమే. సీడీలో ఆ ఎడం 1.6 మైక్రాన్లు, డీవీడీలో 0.74, బ్లూ-రేలో 0.32. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

ఆ దారి పొడవునా గుంటలు, వాటి మధ్య చదును నేల ఉంటాయి. డీవీడీలో అతి చిన్న గుంట పొడవు 0.4 మైక్రాన్లు. గుంట అన్న మాట లేబులు వైపు నుంచి చూసినప్పుడే సరిపోతుంది, లేజరు అవతలి వైపు నుంచి చూస్తుంది కాబట్టి దానికది గుబ్బగా కనబడుతుంది. ఈ గుబ్బ ఎత్తు లెక్క ప్రకారం పెట్టింది. ప్లాస్టిక్‌లో ప్రయాణించేటప్పుడు కాంతికి ఉండే తరంగదైర్ఘ్యంలో అది సుమారు నాలుగో వంతు. గుబ్బమీద పడి తిరిగొచ్చే కాంతికీ, పక్కన చదును మీద పడి తిరిగొచ్చే కాంతికీ రానూపోనూ కలిపి అర తరంగం తేడా వస్తుంది. ఒకదాని ఎగువ మరొకదాని దిగువతో కలిసి రెండూ ఒకదాన్నొకటి కొట్టివేసుకుంటాయి. అందువల్ల గుబ్బ వచ్చినప్పుడు వెలుగు మందగిస్తుంది, చదును వచ్చినప్పుడు తళుక్కుమంటుంది. ప్లేయరు చదివేదంతా ఈ వెలుగు తేడానే.

ఇంట్లో రాసిన డిస్కులో గుంటలు ఉండవు. ముందే గీసి ఉన్న సన్నని గాడిలో రంగుపొర ఉంటుంది. రాసే లేజరు ఎక్కువ శక్తితో దాన్ని అక్కడక్కడా మాడ్చితే ఆ చోట్లు కాంతిని సరిగా తిప్పి పంపవు. చదివే యంత్రానికి అవి గుంటల్లాగే తోస్తాయి. చెరిపి రాసే డిస్కుల్లో రంగుకు బదులు ఒక మిశ్రలోహం ఉంటుంది, దాన్ని వేడిచేసి చల్లార్చే తీరును బట్టి అది స్ఫటికంగానో, స్ఫటికం కాని స్థితిలోనో నిలుస్తుంది. అయితే ఈ రకం డిస్కు తిప్పి పంపే వెలుగు అచ్చు డిస్కుతో పోలిస్తే బాగా తక్కువ. పాత ప్లేయరు దాన్ని తిరస్కరించిందంటే డిస్కు పాడైందని అర్థం కాదు, ప్లేయరుకు ఆ మసక వెలుగు చాలలేదంతే.

లేజరు రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. సీడీకి 780 నానోమీటర్ల పరారుణ కాంతి, డీవీడీకి 650 నానోమీటర్ల ఎరుపు, బ్లూ-రేకు 405 నానోమీటర్ల నీలి ఊదా. తరంగదైర్ఘ్యం ఎంత తగ్గితే కాంతిని అంత సన్నని చుక్కగా కూర్చవచ్చు, చుక్క ఎంత సన్ననైతే గుంటలు అంత చిన్నవి కావచ్చు. మొదటి తరం డీవీడీ ప్లేయర్లలో కొన్ని అచ్చు సీడీని చక్కగా ఆడించి, ఇంట్లో రాసిన సీడీని మాత్రం ససేమిరా అనేవి. సీడీ రంగుపొర పరారుణ కాంతికి సరిపడేలా చేసినది, ఎరుపు కాంతిలో అది సరిగా కనబడదు. తరువాతి ప్లేయర్లలో దాని కోసమే రెండో లేజరు పెట్టారు.

సమాచారపు పొర ఎంత లోతున ఉందన్నది డిస్కును చేత్తో పట్టుకునే వారందరికీ తెలియాల్సిన విషయం. సీడీలో అది లేబులు వైపు, పలుచని వార్నిషు కింద ఉంటుంది, అడుగువైపు నుంచి 1.2 మిల్లీమీటర్ల లోతులో. కాబట్టి సీడీ లేబులు మీద పడిన గీత అడుగున పడిన గీతకంటే ప్రమాదకరం, కాంతిని తిప్పి పంపే అద్దం పొరే లేచిపోతే దాన్ని ఏ పాలిషూ తిరిగి తేలేదు. డీవీడీ 0.6 మిల్లీమీటర్ల పలకలు రెండు అతికించినది, సమాచారం ఆ రెంటి నడుమ భద్రంగా ఉంటుంది. కాకపోతే అతుకు వదిలితే లోపలికి గాలి చొరబడి పొర పాడవుతుంది. డీవీడీని విల్లులా వంచి పెట్టె నుంచి పీకకూడదని చెప్పేది ఈ అతుకు కోసమే. బ్లూ-రేలో పొర అడుగువైపు నుంచి కేవలం 0.1 మిల్లీమీటరు లోపల ఉంటుంది, అందుకే దాని మీద గట్టి రక్షణ పూత వేస్తారు.

అడుగున దుమ్ము ఉన్నా డిస్కు ఆడుతుంది, కారణం చూడండి. డీవీడీ ఉపరితలాన్ని తాకేటప్పుడు లేజరు పుంజం వెడల్పు సుమారు అర మిల్లీమీటరు. లోపలి పొరను చేరేసరికి అది ఒక మైక్రానుకు అటూ ఇటూ ఉండే చుక్కగా సన్నబడుతుంది. ఉపరితలం మీది చిన్న ధూళి కణం ఆ వెడల్పాటి పుంజంలో కొంత భాగానికే అడ్డుపడుతుంది, మిగతా కాంతి దాని పక్కనుంచి పోయి పని కానిస్తుంది. కిటికీ అద్దానికి కళ్లు దగ్గరగా పెట్టి దూరాన చెట్టును చూస్తే అద్దం మీది మరక మసకగా మాత్రమే కనబడినట్టన్నమాట.

ఈ చుక్కను దారి తప్పకుండా నడపడం ప్లేయరు చేసే పనుల్లోకెల్లా కష్టమైనది. తిరిగే డిస్కు మిల్లీమీటరులో కొన్ని పదో వంతుల మేర పైకీ కిందికీ ఊగుతుంది, లెన్సు మాత్రం మైక్రాను స్థాయిలో ఫోకస్ నిలపాలి. తిరిగొచ్చిన కాంతి నాలుగు ముక్కల సెన్సారు మీద పడుతుంది. ఫోకస్ సరిగా ఉంటే అక్కడ చుక్క గుండ్రంగా ఉంటుంది, లెన్సు దగ్గరైతే ఒక వాలులో, దూరమైతే ఎదురు వాలులో కోలగా సాగుతుంది. నాలుగు ముక్కల వెలుగులను పోల్చి, సన్నని తీగచుట్టలో కరెంటు మార్చి, లెన్సును సెకనుకు వేలసార్లు సవరిస్తారు. డిస్కు పెట్టగానే వినబడే టిక్ టిక్ శబ్దం లెన్సు పైకీ కిందికీ కదిలి ఆ ఫోకస్ వెతుక్కోవడమే. ఆ శబ్దం ఆగకుండా సాగి చివరికి 'డిస్కు లేదు' అని వస్తే, ఇంకో డిస్కు పెట్టి చూడండి. దానికీ అలాగే అయితే తప్పు ప్లేయరుది.

మూడో మెట్టు: గీత పడినా బొమ్మ ఎందుకు చెడదో తెలుసుకోండి

గుంట అంటే ఒకటి, చదును అంటే సున్నా అని చాలాచోట్ల రాస్తుంటారు, అది సరికాదు. గుంట మొదలయ్యే అంచు, ముగిసే అంచు ఒకటిని సూచిస్తాయి. మార్పు లేకుండా సాగే నిడివి సున్నాలను సూచిస్తుంది. ఒకట్లు వెంటవెంటనే వస్తే గుంటలు చదవలేనంత చిన్నవైపోతాయి, సున్నాలు మరీ ఎక్కువైతే ప్లేయరు లెక్క తప్పుతుంది. అందుకని సీడీలో ప్రతి 8 బిట్లనూ 14 బిట్ల నమూనాగా, డీవీడీలో 16 బిట్ల నమూనాగా మార్చి రాస్తారు. ఆ నమూనాల్లో రెండు ఒకట్ల మధ్య కనీసం రెండు, గరిష్ఠంగా పది సున్నాలు ఉంటాయి.

అసలు చాకచక్యం దీని తరువాత ఉంది. డీవీడీ సమాచారాన్ని 2,048 బైట్ల సెక్టార్లుగా విభజించి, పదహారేసి సెక్టార్లను ఒక కట్టగా కడుతుంది. ఆ కట్టను 192 అడ్డు వరుసలు, 172 నిలువు వరుసలు ఉన్న పట్టికగా ఊహించండి. ప్రతి అడ్డు వరుస చివర 10 సరిచూపు బైట్లు, ప్రతి నిలువు వరుస కింద 16 సరిచూపు బైట్లు చేరతాయి. ఇది రీడ్-సోలమన్ అనే గణిత పద్ధతి. గీత వల్ల ఒక అడ్డు వరుస పూర్తిగా పోయినా, నిలువు వరుసల సాయంతో పోయిన అంకెలను అచ్చంగా తిరిగి కట్టవచ్చు. ఊహించి పూడ్చడం కాదిది, పోయిన అంకెలే తిరిగి వస్తాయి. దారి వెంట దాదాపు 6 మిల్లీమీటర్ల మేర ఎడతెగకుండా పోయినా డీవీడీ కోలుకోగలదు.

గుండ్రంగా తుడవకూడదనడానికి కారణం ఇప్పుడు తేటపడుతుంది. మధ్య నుంచి అంచుకు పడిన గీత ఒక్కో వరుసను రవ్వంత మేరే అడ్డగిస్తుంది, తరువాత చాలాసేపు మంచి సమాచారం వస్తుంది, సవరణకు అది చాలు. అదే గీత దారి వెంబడి గుండ్రంగా పడితే ఒకే వరుసలో సెంటీమీటర్ల కొద్దీ పోతుంది, పట్టిక మొత్తం కూలుతుంది. అందుకే తుడిచేటప్పుడు గుడ్డ ఎప్పుడూ మధ్య నుంచి అంచుకు నేరుగా నడవాలి. అప్పుడు మనం పొరపాటున వేసిన గీతలు కూడా హానిలేని దిశలోనే పడతాయి.

ఈ సవరణ వల్ల ఒక మోసం కూడా ఉంది. డిస్కు ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా చెడుతున్నా బొమ్మలో ఏ తేడా కనబడదు, సవరణ హద్దు దాటిన రోజున ఒక్కసారిగా బొమ్మ ముక్కలవుతుంది. వీడియో టేపు క్రమంగా మసకబారి మనల్ని ముందే హెచ్చరించేది, డిస్కు అలా హెచ్చరించదు. నిరుడు ఆడిందన్న ధైర్యంతో డిస్కును బీరువాలో వదిలేయడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

నాలుగో మెట్టు: అంకెలు బొమ్మగా ఎలా మారుతాయో చూడండి

ఒక చిన్న లెక్క వేద్దాం. 720 నిలువు వరుసలు, 576 అడ్డు వరుసల బొమ్మ, సెకనుకు 25 చొప్పున, ఒక్కో చుక్కకు సగటున 12 బిట్లు. సెకనుకు సుమారు 124 మెగాబిట్లు అవుతుంది. ఒకే పొర ఉన్న డీవీడీ సామర్థ్యం 4.7 గిగాబైట్లు, అంటే 37,600 మెగాబిట్లు. కుదించకుండా రాస్తే 5 నిమిషాల వీడియో మాత్రమే పడుతుంది. రెండు గంటలు పట్టించాలంటే సగటున సెకనుకు 5 మెగాబిట్లకు మించకూడదు. డిస్కు మీద వీడియో సాధ్యపడడంలో లేజరు పాత్ర ఎంతో కుదింపు పాత్ర కూడా అంతే.

1993లో రూపుదిద్దుకున్న వీసీడీలో ఈ పని ఎంపెగ్-1 అనే కుదింపు పద్ధతి చేసింది. 352 గుణింతం 288 బొమ్మ, వీడియోకు సెకనుకు 1.15 మెగాబిట్లు, ఒక డిస్కుకు 74 నిమిషాలు. సినిమాకు రెండు డిస్కులు అవసరమయ్యేది ఇందుకే. 1996 నవంబరులో జపానులో అమ్మకానికి వచ్చిన డీవీడీ ఎంపెగ్-2 వాడింది, వీడియోకు సెకనుకు గరిష్ఠంగా 9.8 మెగాబిట్లు. 2006లో వచ్చిన బ్లూ-రే ఒక పొరకు 25 గిగాబైట్లతో 1920 గుణింతం 1080 బొమ్మను ఇచ్చింది, 2016లో వచ్చిన అల్ట్రా హెచ్‌డీ బ్లూ-రే 3840 గుణింతం 2160కి చేరింది.

కుదింపు పద్ధతి ఇలా ఉంటుంది. సుమారు అర సెకనుకొకసారి ఒక పూర్తి బొమ్మను రాస్తారు. దాని తరువాతి బొమ్మల్లో ముందుదానితో పోలిస్తే ఏది ఎటు కదిలింది, ఏది మారింది అన్న తేడాలను మాత్రమే రాస్తారు. గోడ కదలదు కాబట్టి గోడను మళ్లీ రాయనక్కరలేదు, గోడ ముందు నడిచే మనిషిని రాస్తే చాలు. డిస్కు మీద పూర్తి బొమ్మ ఒకటి పోతే దాని మీద ఆధారపడిన తేడాలన్నీ నిరాధారమై, తెర గళ్లుగళ్లుగా విరిగి, తరువాతి పూర్తి బొమ్మ రాగానే మళ్లీ కుదురుకుంటుంది. తెరమీద గళ్లు కనబడి అర సెకనులో సర్దుకుంటే చిన్న గాయం అనుకోవచ్చు. బొమ్మ బిగుసుకుపోయి ప్లేయరు ముందుకూ వెనక్కూ కదలకపోతే ఆ చోట సెక్టార్లే చదవడం లేదని అర్థం.

డీవీడీలోని 'వీడియో_టీఎస్' ఫోల్డరులో మూడు రకాల ఫైళ్లుంటాయి. వీఓబీ ఫైళ్లలో బొమ్మ, ధ్వని, ఉపశీర్షికలు చిన్న చిన్న పొట్లాలుగా కలగలిసి ఉంటాయి, ఒక్కో ఫైలు ఒక గిగాబైటును మించదు. ఐఎఫ్ఓ ఫైలు విషయసూచిక, ఏ అధ్యాయం ఎక్కడ మొదలవుతుందో ప్లేయరుకు చెప్పేది అదే. బీయూపీ ఫైలు ఆ విషయసూచికకు నకలు, మొదటిది చెడితే వాడుకోవడానికి పెట్టినది. ఒకే డిస్కులో 8 ధ్వని మార్గాలు, 32 ఉపశీర్షిక మార్గాలు ఉండవచ్చు. 8.5 గిగాబైట్ల రెండు పొరల డిస్కులో మధ్యలో ఒకచోట బొమ్మ లిప్తపాటు ఆగితే కంగారు పడకండి, లెన్సు మొదటి పొర నుంచి రెండో పొరకు ఫోకస్ మార్చుకుంటోంది.

ప్లేయరు డిస్కును ఒకే వేగంతో తిప్పదు. దారి మీద కాంతి నడిచే వేగం సెకనుకు 3.49 మీటర్లుగా నిలవాలి కాబట్టి లోపలి వరుసల్లో నిమిషానికి దాదాపు 1,400 చుట్లు, అంచు దగ్గర 575 చుట్లు తిరుగుతుంది. దీన్నుంచి మనకు పనికొచ్చే ఒక లెక్క పుడుతుంది. సమాచారం డిస్కు కేంద్రం నుంచి 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 58 దగ్గర ముగుస్తుంది. బయటి చుట్లు పెద్దవి, వాటిలో ఎక్కువ పడుతుంది. అందువల్ల నిండుగా రాసిన డిస్కులో సగం సమయం గడిచేసరికి లెన్సు ఆ రెంటికి నడుమ 41 దగ్గర ఉండదు, సుమారు 44 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది.

ఈ లెక్క నాకు ఒకసారి అక్కరకొచ్చింది. మా ఇంటి వేడుక డిస్కు ఒకటి, గంట నిడివి నిండుగా రాసినది, సరిగ్గా 43వ నిమిషంలో ఆగేది. 24 వర్గానికి, 58 వర్గానికి మధ్య తేడాలో అరవైకి నలభైమూడు వంతులు తీసుకుని, దానికి 24 వర్గం కలిపి, వర్గమూలం కడితే దాదాపు 51 వచ్చింది. అంటే కేంద్రం నుంచి 51 మిల్లీమీటర్లు, అంచు నుంచి 9 మిల్లీమీటర్ల లోపల. అడుగువైపు ఆ చోట ఎంత వెతికినా గీత లేదు. తిప్పి చూస్తే పైన అతికించిన కాగితపు లేబులు సరిగ్గా అక్కడ పొంగి, బుడగ కట్టి ఉంది. కాగితం తేమ పీల్చి ముడుచుకుని డిస్కును వంచేసింది, వేగంగా తిరిగేటప్పుడు అంచు ఊగి లెన్సు ఫోకస్ తప్పుతోంది. లేబులు పీకబోతే పొర కూడా లేచివచ్చే ప్రమాదం ఉంది కాబట్టి దాన్ని ముట్టుకోకుండా, డ్రైవు వేగం తగ్గించి చదివాను. మొత్తం వచ్చింది.

ఐదో మెట్టు: శుభ్రం చేసి పరీక్షించండి

డిస్కును అంచులతో పట్టుకుని దీపం కింద ఏటవాలుగా తిప్పి చూడండి. వేలిముద్రలు, జిడ్డు కనబడితే నూలు పోగులు రాలని మెత్తని గుడ్డను మంచినీటితో తడిపి మధ్య నుంచి అంచుకు తుడవండి. జిడ్డు వదలకపోతే ఒక చుక్క పాత్రల సబ్బు కలిపి, తరువాత నీటితో కడిగి, నీడలో ఆరబెట్టండి. అసిటోను, పెయింట్ థిన్నరు వంటివి ప్లాస్టిక్‌ను తెల్లగా మసకబారుస్తాయి, వాటి జోలికి పోకండి. టూత్‌పేస్టుతో రుద్దే చిట్కా బాగా ప్రచారంలో ఉంది గాని, అది సన్న గీతలను ఇంకా సన్న గీతలతో మార్చే పని. పోతే పోయిందనుకున్న డిస్కు మీద చివరి ప్రయత్నంగా తప్ప నేను చేయను, బ్లూ-రే మీద ఎన్నడూ చేయను.

తరువాత డిస్కును దీపానికి ఎదురుగా పట్టి లేబులు వైపు నుంచి చూడండి. సూదిమొనల్లా వెలుగు చుక్కలు కనబడితే అద్దం పొర అక్కడక్కడా పోయిందన్నమాట. అలాంటి డిస్కును ఇంకెక్కువ ఆడించకుండా వెంటనే నకలు తీయాలి.

ఆరో మెట్టు: ముందు నకలు, తరువాతే చూడడం

ఇది మీ సొంత వీడియోల గురించి మాత్రమే చెబుతున్నాను. అమ్మకానికి వచ్చే సినిమా డిస్కులకు రహస్య సంకేత రక్షణ ఉంటుంది, దాన్ని ఛేదించడం చాలా దేశాల చట్టాల్లో నేరం.

వీఓబీ ఫైళ్లను ఒక్కొక్కటిగా ఫోల్డరులోకి లాగి వేయడం ఆరోగ్యంగా ఉన్న డిస్కుకు సరిపోతుంది. చెడిన డిస్కు దగ్గర అది పనికిరాదు. ఒక్క సెక్టారు చదవకపోయినా కంప్యూటర్ ఆ ఫైలు మొత్తాన్నీ వదిలేస్తుంది, పైగా అదే చోట మళ్లీమళ్లీ తంటాలుపడి డ్రైవును అలసటకు గురిచేస్తుంది. దాని బదులు డిస్కు మొత్తాన్నీ సెక్టారు వెంట సెక్టారుగా ఒకే ఐఎస్ఓ ఫైలుగా తీయాలి. ఇందుకు నేను వాడేది డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రాము. అది మొదటి విడతలో తేలిగ్గా వచ్చేదంతా తీసుకుని, మొరాయించిన చోట్లను దాటవేసి, ఎక్కడెక్కడ ఖాళీలు మిగిలాయో ఒక పటం ఫైలులో రాసుకుంటుంది. తరువాతి విడతల్లో ఆ ఖాళీల దగ్గరికే వెళ్తుంది. ఆ పటం ఫైలును మాత్రం పొరపాటున కూడా చెరపకండి, రెండో రోజు పని మొదలుపెట్టాలన్నా, వేరే డ్రైవులో కొనసాగించాలన్నా దాని ఆధారంతోనే.

వేరే డ్రైవు అన్నమాట యథాలాపంగా అనలేదు. ఒక డ్రైవు చదవలేని సెక్టార్లను మరొకటి అలవోకగా చదవడం తరచూ జరుగుతుంది, వాటి లేజర్ల వయసు, లెన్సుల కోణం, సవరణ నేర్పు వేర్వేరు. మొదటి డ్రైవులో ఖాళీలు మిగిలితే అదే ఐఎస్ఓ ఫైలునూ, అదే పటాన్నీ పెట్టుకుని రెండో డ్రైవుతో నడిపితే మిగిలిన ఖాళీలు మాత్రమే పూడతాయి. వేగం తగ్గించడం కూడా మరవకండి. ఒంటి వేగంలో నిండు డిస్కు చదవడానికి 57 నిమిషాలు పడుతుంది, అయినా వంకర డిస్కుకు ఆ నిదానమే మందు.

వీసీడీకి ఐఎస్ఓ పద్ధతి కుదరదు. దానిలోని వీడియో సెక్టార్లలో 2,048 కాక 2,324 బైట్లు ఉంటాయి, సవరణ బైట్ల జాగాను కూడా వీడియోకే వాడుకున్నారు. వీసీడీ అంత తొందరగా గళ్లు పడడానికి కారణం ఇదే. దీనికి ముడి సెక్టార్లను యథాతథంగా తీసే బిన్-క్యూ పద్ధతిని ఎంచుకోండి.

ఫైనలైజ్ చేయని డిస్కు అయితే ముందు అది రాసిన రికార్డరు లేదా కామ్‌కార్డరు ఇంకా పనిచేస్తుందేమో చూడండి. దానిలో పెట్టి ఫైనలైజ్ ఆదేశం ఇస్తే విషయసూచిక రాసి ముగిస్తుంది, ఆపైన ఏ డ్రైవైనా చదువుతుంది. ఆ యంత్రం లేకపోతే ఐసోబస్టర్ వంటి ప్రోగ్రాము విషయసూచిక లేకుండానే సెక్టార్లను వెతికి వీడియోను బయటికి తీయగలదు. ఒక్క హెచ్చరిక: చెరిపి రాసే డిస్కు పెట్టినప్పుడు కంప్యూటర్ 'ఫార్మాట్ చేయాలా' అని అడుగుతుంది. చేయవద్దు.

ఏడో మెట్టు: నకలును వాడుక ఫైలుగా మార్చండి

ఐఎస్ఓ ఫైలును వీఎల్‌సీ అనే వీడియో ప్లేయరు ప్రోగ్రాములో తెరిస్తే మెనూతో సహా డిస్కులాగే ఆడుతుంది. ఫోనులో, టీవీలో చూసుకోవడానికి హ్యాండ్‌బ్రేక్ అనే మార్పిడి ప్రోగ్రాముతో ఎంపీ4గా మార్చవచ్చు. మార్చేటప్పుడు ఒక సంగతి గమనించాలి. కామ్‌కార్డరు వీడియోలో ప్రతి బొమ్మా బేసి గీతలు, సరి గీతలు అన్న రెండు అరలుగా, వేర్వేరు క్షణాల్లో తీసినది. సెకనుకు 25 బొమ్మలంటే నిజానికి 50 అరలు. వీటిని విడదీయకుండా మార్చితే కదిలే చేతుల అంచులు దువ్వెన పళ్లలా చీలికలు కనబడతాయి. ఈ అరలను విడదీసే డీఇంటర్లేస్ ఎంపికను పెట్టి, ఫలిత వేగాన్ని సెకనుకు 50కి ఉంచితే కదలిక సహజంగా ఉంటుంది. మార్చిన ఫైలు ఎంత బాగున్నా అసలు ఐఎస్ఓను పారేయకండి, రెండోసారి కుదించినప్పుడు పోయిన వివరం తిరిగి రాదు.

ఎనిమిదో మెట్టు: కొత్త డిస్కు రాయాలనుకుంటే

టీవీ కింద డిస్కు ప్లేయరు మాత్రమే ఉన్న పెద్దవారికి ఇప్పటికీ డిస్కే సుఖం. 4.7 గిగాబైట్లని డబ్బామీద రాసి ఉన్నా కొన్ని కంప్యూటర్లు 4.38 అని చూపుతాయి, వెయ్యితో భాగించడానికీ 1,024తో భాగించడానికీ ఉన్న తేడా అది. చివరి వంద రెండు వందల మెగాబైట్లు ఖాళీగా వదలండి, అంచు దగ్గరే లోపాలు ఎక్కువ. డిస్కు మీద గరిష్ఠంగా 16 రెట్ల వేగం అని ఉంటే 8 రెట్లకు మించకుండా రాయండి. రాయడం అయ్యాక సరిచూసే ఎంపికను తప్పక వాడండి. కాగితపు లేబులు అతికించవద్దు, డిస్కుల కోసమే అమ్మే మెత్తని మొన మార్కరుతో, రంధ్రం చుట్టూ పారదర్శకంగా ఉండే వలయం మీద తేదీ, విషయం రాయండి. బాల్‌పెన్ను నొక్కుడు సీడీ పొరను పైనుంచే చీల్చగలదు.

రాసిన డిస్కును ఎండ తగలని చోట, పెట్టెలో నిలువుగా నిలబెట్టి ఉంచండి. ఏడాదికొకసారి దాన్ని కంప్యూటర్‌లో పెట్టి, మొదటి నిమిషాలు కాక చివరి పది నిమిషాలు ఆడించి చూడండి. చెడడం మొదలైతే సాధారణంగా ముందు అక్కడే తెలుస్తుంది.